ప్రూఫ్ కార్డు కొంటున్నారా? డబ్బు పంపకముందు ఇది చదవండి

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఓ గది అద్దెకు తీసుకుని మేం ముగ్గురం జీరో నాలెడ్జ్ ప్రూఫ్‌ల (రహస్యం బయటపెట్టకుండానే ఒక మాట నిజమని లెక్కలతో నిరూపించే పద్ధతి) మీద పని చేస్తున్నాం. ప్రూఫ్ తయారవడానికి చాలాసేపు పడుతోందని వాడేసిన ఎఫ్‌పీజీఏ కార్డు (లోపలి డిజైన్‌ను కొన్నాక కూడా మార్చుకోగల చిప్ ఉన్నది) ఒకటి గత నెల కొన్నాం. డబ్బంతా ముందే కట్టాం. ఆ అమ్మకందారే ఇప్పుడు శ్రీకాకుళంలో మా స్నేహితుడికి అలాంటిదే చూపిస్తున్నాడు. అందుకే రాస్తున్నాను.

'ఇరవై రెట్లు వేగం' అన్నాడు. ఆ ఇరవై రెట్లు ఎంఎస్ఎం (ఎలిప్టిక్ కర్వ్ అనే గణిత వక్రరేఖ మీది బిందువులను పెద్ద సంఖ్యలతో గుణించి కూడడం) అనే ఒక్క లెక్కకే. ప్రూఫ్‌లో అదొక్కటే ఉండదు కదా! ఎన్‌టీటీ (పాలినామియల్ లెక్కలను వేగంగా చేసే పద్ధతి) ఉంటుంది, విట్‌నెస్ (నిరూపణకు కావాల్సిన లోపలి విలువలు) తయారీ ఉంటుంది, డేటా కార్డులోకి వెళ్లి రావాలి. మా ప్రూఫ్‌లో ఎంఎస్ఎం వాటా 60 శాతం. అది క్షణంలో అయిపోయినా, మిగతా 40 శాతం ప్రాసెసర్ మీద ఎప్పటిలాగే నడుస్తుంది. మొత్తం మీద రెండున్నర రెట్లకు మించి వేగం రాదు.

ఆ రెండున్నర కూడా దక్కలేదు. కార్డులో ఎక్కించిన డిజైన్ బీఎన్254 కర్వ్‌కి రాసింది, మా సర్క్యూట్ (నిరూపించాల్సిన లెక్కను సమీకరణాలుగా రాసుకున్నది) బీఎల్ఎస్12-381 అనే వేరే కర్వ్ మీద ఉంది. అందులో గుణకారాలన్నీ 254 బిట్ల సంఖ్యలకే, మావి 381 బిట్లు. ఎఫ్‌పీజీఏ కాబట్టి మార్చుకోవచ్చని ధైర్యంగా ఉన్నాం. కానీ అతను ఇచ్చింది లాక్ చేసిన బిట్‌స్ట్రీమ్, అంటే కార్డులోకి ఎక్కించే ఫైలు, మనం మార్చలేం. ఆ డిజైన్ సోర్స్ కోడ్ అడిగితే దానికి వేరే రేటు చెప్పాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. మొదటి నుంచి మనమే రాసుకోవాలంటే నెలల పని.

ఇంకో సంగతి, కార్డుకి ఫ్యాన్ లేదు. సర్వర్లలో గాలి గట్టిగా కొట్టేచోట పెట్టడానికి చేసినది. మామూలు క్యాబినెట్‌లో పెట్టి అతనిచ్చిన టెస్టే నడిపితే, కాసేపటికే వేడెక్కి ఆగిపోయింది. టేబుల్ ఫ్యాన్ పెట్టినా లాభం లేదు. మన ఉక్కపోతలో ఏసీ లేని గదిలో ఇలాంటివి నిలవవు.

దయచేసి తొందరపడకండి. మీ సర్క్యూట్‌నే మొదటి నుంచి చివరిదాకా వీడియో కాల్‌లో నడిపి చూపించమనండి. అంతకంటే ముందు గంటల లెక్కన జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) అద్దెకు తీసుకుని చూడండి, దాని మీద ప్రూఫ్ లెక్కలు చేసే ఐసికిల్ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీ ఈ రెండు కర్వ్‌లనూ నడుపుతుంది. బిల్లు లేకుండా మాత్రం కొనొద్దు. మా దగ్గర వాట్సాప్ చాట్ తప్ప ఏమీ లేదు. పైగా వ్యాపారానికి కొన్న వస్తువుకి 2019 వినియోగదారుల చట్టం వర్తించదు, సొంతంగా చేసుకునే జీవనోపాధికైతేనే మినహాయింపు. ఆ మినహాయింపు కిందే కేసు వేయాలని చూస్తున్నాం.

మీకూ ఎవరైనా ఇలాంటి కార్డు చూపిస్తే నాకు మెసేజ్ పెట్టండి. మాది గదిలోనే ఉంది, వచ్చి చూసుకోవచ్చు.