లినక్స్ మింట్ 22: కొత్తవాళ్ళ ఇంట్లో భద్రత సంగతి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది. మా పాత ఐ3 డెస్క్‌టాప్ విండోస్ 11కి పనికిరాదని తేలింది. నిక్షేపంలాంటి కంప్యూటర్‌ని పారేయడానికి మనసొప్పక, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22 వేశాను. నాన్నగారి పెన్షన్ పనులు, పాప క్లాసులు, నా బ్యాంకు లావాదేవీలు అన్నీ దాని మీదే. అందుకే అందచందాల జోలికి పోకుండా భద్రత గురించే రాస్తున్నాను.

డౌన్‌లోడ్ దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలి. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి, 17.3 సినమన్ ఎడిషన్ కోసం వచ్చినవాళ్ళకి దొంగదారి పెట్టిన ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేయడానికి దించుకునే ఫైల్) అంటగట్టారు. మింట్ బృందం దాచిపెట్టకుండా బయటపెట్టింది, అది నాకు నచ్చింది. ఐఎస్ఓ దించుకున్నాక షా256 చెక్‌సమ్ (ఫైల్‌ని ఎవరూ మార్చలేదని తేల్చే కోడ్) సరిచూడండి, రెండు నిమిషాల పని.

నాకు బాగా నచ్చింది అకౌంట్ల ఏర్పాటు. నాన్నగారికి 'స్టాండర్డ్' అకౌంట్ ఇచ్చాను. ఆయన బ్రౌజర్ వాడతారు, పీడీఎఫ్‌లు ప్రింట్ తీసుకుంటారు. సిస్టమ్‌లో ఏదైనా మార్చాలంటే మాత్రం చిన్న విండో వచ్చి అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది నా దగ్గరే ఉంది కాబట్టి పని అక్కడే ఆగుతుంది. అలాంటి విండో వస్తే నన్ను పిలవమని ఆయనకి చెప్పాను, పిలుస్తున్నారు కూడా. అలాగని బ్యాంకు పేరుతో వచ్చే దొంగ లింకులో ఓటీపీ కొట్టేస్తే ఏ సిస్టమూ కాపాడలేదు.

ఇక అసలు ఫిర్యాదు. ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలకి కాపలా కాసే ప్రోగ్రామ్) మింట్‌లోనే ఉంటుంది, కానీ ఆఫ్‌లో ఉంటుంది! వెల్కమ్ స్క్రీన్‌లో 'ఫస్ట్ స్టెప్స్'కి వెళ్ళి ఫైర్‌వాల్ తెరిచి, స్టేటస్ మీట మీరే నొక్కాలి. ఆ తర్వాత బయటి నుంచి వచ్చేవాటిని ఆపుతుంది, మనం బయటికి వెళ్ళేవాటిని వదులుతుంది. ఇంటికి అంతకంటే అక్కర్లేదు. రౌటర్ ఉందిగా అంటారు కొందరు. మన ఇళ్ళల్లో వైఫై పాస్‌వర్డ్ చుట్టాలకీ పక్కింటివాళ్ళకీ ఇచ్చేస్తాం, వాళ్ళ ఫోన్లన్నీ రౌటర్‌కి లోపలివైపే ఉంటాయి మరి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే 'ఆన్ చేయమంటారా' అని అడిగితే ఎంత బాగుండేది! ఫైర్‌వాల్ పెట్టాక వార్పినేటర్‌లో (ఒకే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల మధ్య ఫైళ్ళు పంపే యాప్) ఫైళ్ళు పోకపోతే కంగారు పడకండి. దాని ప్రిఫరెన్సెస్‌లో ఫైర్‌వాల్ రూల్స్ సరిచేసే బటన్ ఉంది.

పాస్‌వర్డ్ లేనిదే డిస్క్‌లోవి ఎవరూ చదవలేకుండా చేసే డిస్క్ ఎన్‌క్రిప్షన్‌దీ అదే తీరు. ఇన్‌స్టాలర్‌లో 'అడ్వాన్స్‌డ్ ఫీచర్స్' లోపల పెట్టారు, కొత్తవాళ్ళు అటు తొంగి కూడా చూడరు. ల్యాప్‌టాప్ అయితే తప్పకుండా టిక్ పెట్టండి. తర్వాత కావాలంటే మళ్ళీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవడమే తేలిక.

అప్‌డేట్లతో టెన్షన్ లేదు. కింద మూలన షీల్డ్ బొమ్మ కనిపిస్తుంది, ఆటోమేటిక్ కూడా పెట్టుకోవచ్చు. 2029 ఏప్రిల్ దాకా వస్తాయి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ధ్రువీకరణ లేని ఫ్లాట్‌పాక్‌లను (ఒక రకం యాప్ ప్యాకేజీలు) ముందే దాచేశారు, మంచి పని. ఎక్కడో చూసిన సుడో కమాండ్‌ని (అడ్మిన్ అధికారంతో నడిచేది) అర్థం తెలుసుకోకుండా టెర్మినల్‌లో పేస్ట్ చేస్తే మాత్రం ఈ జాగ్రత్తలన్నీ దండగే.

ఏదైనా చెడితే సిస్టమ్‌ని పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ కూడా ఆన్ చేయండి. అయితే అది మామూలుగా సిస్టమ్ ఫైళ్ళ కాపీనే దాచి ఉంచుతుంది, మన సొంత ఫైళ్ళుండే హోమ్ ఫోల్డర్ జోలికి పోదు. నాన్నగారి పెన్షన్ కాగితాలు, పాప ఫొటోలు వేరే హార్డ్ డిస్క్‌లోకి విడిగా కాపీ చేస్తున్నాను.