వేట మోడలా, టార్గెట్ మోడలా: ఎయిర్ రైఫిల్లో ఏది మేలు?

పిల్లల్ని షూటింగ్ క్లాసులో చేర్పించిన బెజవాడ, గుంటూరు తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. వేట మోడల్ ఎఫ్‌డబ్ల్యూబీ స్పోర్ట్, టార్గెట్ మోడల్ ఎఫ్‌డబ్ల్యూబీ 800 రెండూ ఒకే జర్మన్ కంపెనీవి (ఫైన్‌వెర్క్‌బౌ), రెండూ 4.5 మి.మీ. బోరువే (బ్యారెల్ రంధ్రం వెడల్పు). ధర చూస్తే ఎక్కడా పొంతన లేదు. పైగా చవకైన స్పోర్ట్‌కే పవర్ ఎక్కువ. అలాంటప్పుడు అదే కొంటే పోలేదా?

పవర్ ఎక్కువన్న మాట నిజమే. లైసెన్సు లేకుండా మన దేశంలో పెట్టుకోగలిగేది 4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ల శక్తి వరకు. ఆ స్థాయి వేట మోడల్ 0.53 గ్రాముల పెల్లెట్‌ను (చిన్న సీసపు గుండు) సెకనుకు 270 మీటర్ల దాకా తోస్తుంది. టార్గెట్ మోడల్ 7.5 జౌళ్లతో 170 దగ్గరే ఆగిపోతుంది. కాగితానికి చిల్లు పెట్టడానికి అది చాలు. 10 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, దానికి వేగంతో పనిలేదు.

అసలు తేడా స్ప్రింగు దగ్గరుంది. వేట మోడల్ ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు తోసిన పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివరికొచ్చి గాలికి గుద్దుకోగానే రైఫిల్ మళ్లీ ముందుకు కదులుతుంది. ఈ గొడవ నడుస్తుండగానే పెల్లెట్ బ్యారెల్ దాటాలి. అందుకే దీన్ని వదులుగా, అరచేతిలో ఊరికే ఆనించి, ప్రతిసారీ అదే చోట పట్టుకోవాలి. బిగించి పడితే గ్రూప్, అంటే పెల్లెట్లు పడే చోటు, పక్కకు జరిగిపోతుంది. మరి క్లాసులో నేర్పేదేమిటి? జాకెట్ బిగించు, బట్ (రైఫిల్ వెనక కొస) భుజంలో కుదుర్చు, చెంప ఆనించు. రెండింటికీ పొసగదు. పదికి బదులు ఎనిమిది పాయింట్లు పడితే తప్పు పిల్లదా, తుపాకీదా కోచ్ కూడా చెప్పలేడు. నా లెక్కలో మిగతా తేడాలన్నీ దీని తర్వాతే.

800లో స్ప్రింగు బదులు 200 బార్ ఒత్తిడితో గాలి నింపే సిలిండర్ ఉంటుంది. వాల్వు తెరుచుకుంటుంది, అంతే. మిగిలిన కాస్త కుదుపునూ లోపలి అబ్జార్బర్ మింగేస్తుంది. పెల్లెట్ లేకుండా ఇంట్లో ట్రిగ్గర్ సాధన చేసుకునే ఏర్పాటూ ఉంది. సాధనలో సగం అదే. స్ప్రింగు రైఫిల్ని అలా ఖాళీగా కాలిస్తే పిస్టన్ సీలు, స్ప్రింగు దెబ్బతింటాయి. 800లో పిల్ల ఎదిగేకొద్దీ బట్ పొడవు, చెంప ఆనించే చీక్ పీస్ ఎత్తు మార్చుకోవచ్చు.

టార్గెట్ మోడల్‌కీ బాధలున్నాయి. కొత్తదైతే ధర లక్షల్లో మాట. కృష్ణ ఒడ్డు ఉక్కలో చేతిపంపుతో గాలి కొడితే తేమ కూడా లోపలికి పోతుంది. పంపుకి సిలికా జెల్ ఫిల్టర్ పెట్టండి, మధ్యమధ్యలో పంపు గాలి వదిలే బ్లీడ్ వాల్వు తిప్పి నీటిని వదిలేయండి. మే నెలలో నింపిన సిలిండర్‌ని కారులో వదిలి వెళ్లకండి. 30 డిగ్రీల్లో 200 బార్ నింపినది 60 డిగ్రీల వేడికి 220 అవుతుంది.

వేట మోడల్‌కి గాలి నింపక్కర్లేదు, పంపు అక్కర్లేదు, పెరట్లో డబ్బాలు కొట్టడానికి సరదాగా ఉంటుంది. కుదుపుకి స్టాక్ స్క్రూలు వదులవుతాయి, అప్పుడప్పుడూ బిగించాలి. పిస్టన్ కదిలే గొట్టంలో కుట్టుమిషన్ నూనె పోయకండి. ఒత్తిడికి ఆ నూనె మండి సీలు పోతుంది. స్కోపు (గురి చూసే దుర్భిణి) పెట్టుకుంటామంటే రెండు వైపులా కుదుపు తట్టుకునేదే కొనాలి. మ్యాచ్‌లో స్కోపుకి అనుమతే లేదు. ఇక వేట సంగతంటారా, పేరుకే. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో కొంగల మీద గురిపెడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

పాత ఎఫ్‌డబ్ల్యూబీ 300ఎస్ స్ప్రింగుదే అయినా పట్టాల మీద జారి కుదుపు తప్పిస్తుంది. మంచిది దొరికితే తీసుకోవచ్చు. 5.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌కీ, తూటా పేల్చే పాయింట్ 22 రైఫిల్‌కీ లైసెన్సు కావాలి. మొదటి రైఫిల్‌గా వాటి ఊసు వద్దు.

డబ్బు చాలకపోతే కొత్త వేట మోడల్ కంటే పాత టార్గెట్ మోడల్ నయం. ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ చదవండి, గడువు దాటితే కొత్త సిలిండర్ ఖర్చు ధరలో తగ్గించమనండి. తర్వాత 200 బార్ నింపించి, రాత్రంతా అదే గదిలో ఉంచి, పొద్దున గేజి చూడండి. ముల్లు బాగా దిగిందంటే ఎక్కడో ఓ-రింగు (గాలి పోకుండా ఆపే రబ్బరు వలయం) పోయినట్టే.