బెంగళూరు విమానాశ్రయం నుంచి హోటల్ దాకా: ముందే కారు మాట్లాడుకోవడం గురించి

దేవనహళ్ళి దగ్గర 2008 మే నెలలో ప్రారంభమైన కెంపేగౌడ అంతర్జాతీయ విమానాశ్రయం నగరం నడుమనున్న మెజెస్టిక్ బస్టాండుకు దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. వైట్‌ఫీల్డు వెళ్ళేవారికి దూరం మరికొంత పెరుగుతుంది. ఎలక్ట్రానిక్ సిటీ వెళ్ళేవారికైతే 50 కిలోమీటర్లు దాటుతుంది. విశాఖపట్నంలో విమానం ఎక్కి ఇక్కడ దిగడానికి ఎంతసేపు పడుతుందో, సాయంత్రం వేళ హెబ్బాళ ఫ్లైఓవరు దాటుకొని నగరం దక్షిణపు కొసకు చేరడానికి కూడా ఇంచుమించు అంతసేపు పడుతుంది. అందువల్ల ఈ ఊరికి వచ్చేవారు విమానం టిక్కెట్టు, హోటల్ గది చూసుకున్నంత శ్రద్ధగా ఈ రెండింటి మధ్య ప్రయాణాన్ని కూడా చూసుకోవాలి. నాన్నగారి గుండె వైద్యం కోసం మా కుటుంబం కొంతకాలంగా విశాఖ నుంచి బన్నేరుఘట్ట రోడ్డులోని ఆసుపత్రికి రాకపోకలు సాగిస్తోంది. ఆ రాకపోకలలో కార్ల గురించి, బసల గురించి మాకు తెలిసివచ్చిన సంగతులను పెద్దవారితో ప్రయాణించే ఇతరులకు పనికివస్తాయనే ఉద్దేశంతో రాస్తున్నాను.

ముందుగా, కారు అవసరం లేనివారి గురించి ఒక మాట చెప్పాలి. ఒక్కరే చేతిసంచితో వచ్చేవారికి నగర రవాణా సంస్థ బీఎంటీసీ నడిపే వాయువజ్ర బస్సులు చాలా మంచి సదుపాయం. టెర్మినల్ బయటే ఎక్కవచ్చు, ఏసీ ఉంటుంది, సామాను పెట్టుకోవడానికి అరలుంటాయి, అర్ధరాత్రి కూడా దొరుకుతాయి. మెజెస్టిక్ వెళ్ళేది కేఐఏ 9, ఎలక్ట్రానిక్ సిటీ వెళ్ళేది కేఐఏ 8. మెజెస్టిక్‌లో దిగితే అక్కడి నుంచి మెట్రో అందుకోవచ్చు. 2023 అక్టోబరు నుంచి పర్పుల్ లైను వైట్‌ఫీల్డు దాకా పూర్తిగా నడుస్తోంది కాబట్టి అటు వెళ్ళేవారికి దారి మరింత సులువైంది. 2021 జనవరిలో విమానాశ్రయం పక్కన రైల్వే హాల్టు కూడా తెరిచారు గాని, రోజుకు నడిచే రైళ్ళు కొద్దిపాటివే కావడం వల్ల విమానవేళలతో అవి కలవడం అరుదు. అయితే నలుగురు కలిసి దిగినప్పుడు బస్సు టిక్కెట్ల మొత్తం కారు కిరాయికి దగ్గరగానే వస్తుంది. పైగా బస్సు దిగిన చోటి నుంచి హోటల్‌కు మళ్ళీ ఆటో మాట్లాడుకోవాలి. మెట్లెక్కితే ఆయాసపడే మనిషి వెంట ఉన్నప్పుడు ఆ రెండో ప్రయాణమే అసలు భారమవుతుంది.

కారు ధర న్యాయమైనదో కాదో తేల్చుకోవడానికి కర్ణాటక ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో టాక్సీలకు నిర్ణయించిన ఏకరూప ధరలు మాకు మంచి కొలబద్దగా ఉపయోగపడ్డాయి. వాటి ప్రకారం 10 లక్షల రూపాయల లోపు విలువ గల కారుకు తొలి 4 కిలోమీటర్లకు 100 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 24 రూపాయలు; 15 లక్షలు దాటిన కారుకు తొలి 4 కిలోమీటర్లకు 130, ఆపైన కిలోమీటరుకు 32. రాత్రి 12 నుంచి ఉదయం 6 వరకు 10 శాతం అదనంగా తీసుకోవచ్చు. ఈ లెక్కన 40 కిలోమీటర్ల ప్రయాణానికి చిన్న కారుకు పగటిపూట 964 రూపాయలు, అర్ధరాత్రి దాటితే సుమారు 1060 అవుతుంది. ఇన్నోవా వంటి పెద్ద బండికి పగటిపూట 1282. టోలు, పన్ను వేరు. ఎవరైనా ఇంతకన్నా ఎక్కువ అడిగితే, ఆ ఎక్కువకు బదులుగా వారు ఏమి ఇస్తున్నారని అడగడానికి మనకు ఒక ఆధారం దొరుకుతుంది. ముందుగా మాట్లాడుకునే కార్లకు ఈ లెక్క కన్నా కొంత ఎక్కువే ఇచ్చాము. చాలాసార్లు అది సమంజసమనే అనిపించింది.

ఆ అదనపు సొమ్ములో ప్రధానమైనది నిరీక్షణ. యాప్‌లో అప్పటికప్పుడు పిలిచిన కారు మన కోసం నాలుగైదు నిమిషాలకు మించి ఆగదు. ముందుగా మాట్లాడుకున్న కారు ఆగుతుంది. అయితే ఆ ఆగే సమయాన్ని ఎప్పటి నుంచి లెక్కిస్తారన్నది అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న. కొందరు విమానం నిజంగా దిగిన క్షణం నుంచి లెక్కిస్తారు. మరికొందరు టిక్కెట్టు మీద అచ్చయిన వేళ నుంచి లెక్కిస్తారు. ఒకసారి మా విమానం ఆలస్యంగా బయలుదేరినప్పుడు, విమాన సంఖ్య ముందే ఇచ్చినా ఒక సంస్థవారు ఆలస్యమైన సమయమంతటికీ నిరీక్షణ రుసుము వేశారు. ఎంత వాదించినా సగమే తగ్గించారు. అప్పటి నుంచి ఈ ఒక్క విషయాన్ని రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్ సందేశంగానైనా తీసుకున్న తరువాతే బయానా పంపుతున్నాము. చక్రాల కుర్చీ కోరిన ప్రయాణికులను విమానంలో నుంచి అందరి తరువాత దించుతారు, అక్కడి నుంచి సామాను బెల్టు దగ్గరికి నెమ్మదిగా తీసుకువస్తారు. కాబట్టి పెద్దవారికి అరగంట ఉచిత నిరీక్షణ ఏమాత్రం చాలదు. గంట ఇచ్చేవారిని ఎంచుకోవడం మంచిది, అందుకు వంద రూపాయలు ఎక్కువైనా సరే.

తరువాతి విషయం డిక్కీ. సెడాన్ అని బుక్ చేస్తే వచ్చే కార్లలో చాలావరకు సీఎన్‌జీ బండ్లే. వాటి డిక్కీలో సిలిండరు సగం చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెద్ద సూట్‌కేసు ఒకటి పడితే రెండోది పట్టదు. ఆసుపత్రి కోసం నెల రోజుల బట్టలు, మందులు, అమ్మ కట్టించిన పచ్చళ్ళ డబ్బాలు, బియ్యప్పిండి, పెసరపప్పు అన్నీ తెచ్చుకునే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. ఎర్టిగా అంటే డ్రైవరుతో కలిపి ఏడుగురు కూర్చోవచ్చన్నది నిజమే గాని, వెనుక వరుస వాడుకుంటే సామానుకు చోటు మిగలదు. డ్రైవరుతో కలిపి అయిదుగురికి మించకుండా, సామాను ఎక్కువగా ఉన్నప్పుడు ఎర్టిగా వెనుక సీటు మడిచిపెట్టమని ముందే చెప్పడం మాకు అనుకూలంగా ఉంది. నాన్నగారికి మాత్రం ఇన్నోవా ఎత్తు కన్నా సెడాన్ సీటు లోతు ఎక్కువ ఇబ్బంది కలిగించేది. వంగి కూర్చోవడం, మళ్ళీ లేవడం ఆయనకు కష్టం. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఇన్నోవాలో నడుము ఎత్తుకు దగ్గరగా ఉండే సీటు ఎంత మేలో, ఎక్కించి దించిన వారికి తెలుస్తుంది. ఆ సౌఖ్యానికి ఇచ్చే మూడు నాలుగు వందలు దండుగ అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

కలుసుకునే చోటు గురించి స్పష్టత లేకపోతే పై జాగ్రత్తలన్నీ వ్యర్థమవుతాయి. ఇక్కడ రెండు టెర్మినళ్ళున్నాయి. వెదురు అలంకరణతో, మొక్కలతో తోటను తలపించే రెండో టెర్మినల్‌ను 2022 నవంబరులో ప్రారంభించారు. 2023 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ విమానాలన్నీ అక్కడికే వస్తున్నాయి. దేశీయ విమానాలు సంస్థను బట్టి రెండింటిలో ఏదో ఒకదానికి వస్తాయి. బుకింగులో టెర్మినల్ రాయకపోతే డ్రైవరు ఒకచోట, మనం మరొకచోట ఉండిపోతాము. బయట గుమ్మం ముందు కార్లను ఎక్కువసేపు నిలపనివ్వరు కాబట్టి డ్రైవరు పార్కింగులో వేచి ఉండి, మనం ఫోను చేశాక వస్తాడు. అందుకే సామాను చేతికి అందాకనే ఫోను చేయాలి. ఆ పార్కింగు రుసుము మాట్లాడుకున్న ధరలో కలిసి ఉందో లేదో కూడా ముందే తేల్చుకోవాలి.

అమ్మానాన్నలు తోడు లేకుండా వచ్చినప్పుడు మాత్రం, డ్రైవరు టెర్మినల్ గుమ్మం దగ్గరికి వచ్చి పేరు రాసిన పలక పట్టుకొని నిలబడే సేవకు అదనంగా చెల్లించాము. అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. పలక మీద తెలుగులో రాయమని కోరితే ఆ సంస్థవారు వెంటనే ఒప్పుకున్నారు, ఆ రోజు వచ్చిన డ్రైవరు స్వయంగా గుండ్రటి అక్షరాలతో నాన్నగారి పేరు రాసి తెచ్చాడు. ఆ డ్రైవరు ఊరు చింతామణి. కోలారు, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి ప్రాంతాల నుంచి, మన అనంతపురం, హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ బండ్లు నడిపేవారు ఎందరో ఉన్నారు. "తెలుగు మాట్లాడే డ్రైవరు కావాలి" అని బుకింగులో రాస్తే తరచుగా దొరుకుతారు. "ఏమ్మా, ఏసీ ఎక్కువైందా? తాతకి చలేస్తాందేమో, తగ్గించేదా?" అని ఆయన దారి పొడవునా అడుగుతూ వచ్చాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఫోనులో ఓటీపీ వచ్చే పద్ధతి ఉన్నచోట, బుక్ చేసినవారి నంబరుతో పాటు ప్రయాణించేవారి నంబరు కూడా ఇవ్వాలి. లేకపోతే ఓటీపీ విశాఖలో ఉన్న మన ఫోనుకు వస్తుంది, పెద్దవాళ్ళు బెంగళూరులో కారు పక్కన నిలబడి ఉంటారు.

అసహ్యం కలిగించిన అనుభవాలు కూడా ఉన్నాయి. బయలుదేరడానికి గంట ముందు డ్రైవరు నేరుగా ఫోను చేసి, బుకింగు మీరే రద్దు చేసి నాకు నగదు ఇవ్వండి అని అడగడం ఒకటి. అలా రద్దు చేస్తే ఆ ప్రయాణానికి రికార్డు ఉండదు, జరగరానిది జరిగితే అడిగే దిక్కు ఉండదు. అందుకే మేము ఒప్పుకోలేదు. టెర్మినల్ బయట "టాక్సీ కావాలా సార్" అంటూ పక్కన నడిచే మనుషులు చూపే కార్లకు తరచుగా తెల్ల నంబరు ప్లేటు ఉంటుంది. అద్దెకు తిరిగే కారుకు పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుండాలి. ఎలక్ట్రిక్ అద్దెకారుకైతే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. సందేశంలో వచ్చిన నంబరుతో ప్లేటును సరిపోల్చుకోకుండా డిక్కీలో సామాను పెట్టనివ్వకూడదు. ముందుగా బుక్ చేసుకోనివారు ఆ మనుషుల వెంట వెళ్ళకుండా, టెర్మినల్ దగ్గరే వరుసలో ఉండే కర్ణాటక పర్యాటక సంస్థ టాక్సీలలో ఎక్కడం మేలు.

అర్ధరాత్రి దాటాక దిగేవారు తేదీ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. కువైట్ నుంచి వచ్చే మా పెద్దమ్మ కొడుకు వంటివారి విమానాలు తెల్లవారుజామున దిగుతాయి. శనివారం రాత్రి ఒంటిగంట అని మనం మాట్లాడుకునేది బుకింగు లెక్కలో ఆదివారం. సంస్థవారికి రాసేటప్పుడు వారం పేరు, తేదీ, 24 గంటల పద్ధతిలో వేళ మూడూ రాయడం మా ఇంట్లో అలవాటు చేసుకున్నాము.

ఇక బసల సంగతి. మేము దిగిన వాటిలో మెజెస్టిక్ పక్కనున్న గాంధీనగర్ లాడ్జీలు చవకైనవి, చుట్టూ తెలుగు భోజనం దొరుకుతుంది. చాలా లాడ్జీలలో గది తీసుకున్న వేళ నుంచి 24 గంటల లెక్క ఉండటం వల్ల రాత్రి రెండింటికి చేరినా ఒక రోజు అద్దె నష్టపోము. అయితే అక్కడి సందులు ఇరుకు, కొన్ని వన్‌వేలు. పెద్ద బండి గుమ్మం దాకా రాక కొంత నడవవలసి వచ్చింది. బన్నేరుఘట్ట రోడ్డులో ఆసుపత్రి దగ్గరి సర్వీస్ అపార్ట్‌మెంటు వంటగదితో సహా మాకు అన్నిటికన్నా నచ్చింది. రాత్రిపూట కారు మేఖ్రీ సర్కిల్ మీదుగా నగరం నడుమ నుంచి డెయిరీ సర్కిల్ దాటి హాయిగా చేరుతుంది. సాయంత్రం ఆరు గంటలకు దిగితే మాత్రం ఆ దారి నాన్నగారికి శిక్ష. అందువల్ల సాయంత్రం విమానం తప్పనప్పుడు విమానాశ్రయం దగ్గరి సాదహళ్ళి వైపు ఒక హోటల్‌లో ఆ రాత్రి ఉండి, మర్నాడు ట్రాఫిక్ పెరగకముందే బయలుదేరడం మొదలుపెట్టాము. గది అద్దె అదనపు ఖర్చే, కాని విమానం దిగిన రోజే రెండు మూడు గంటలు కారులో కూర్చోవడం గుండె జబ్బు మనిషికి తగదని నా గట్టి అభిప్రాయం.

హోటళ్ళే పంపే కార్ల గురించి నా అభిప్రాయం మిశ్రమం. బండి శుభ్రంగా ఉంటుంది, రిసెప్షనులో మన రాక తెలిసి ఉంటుంది. కాని ఒక హోటల్ మాకు చెప్పిన ధర పైన వేసిన లెక్కకు దాదాపు రెట్టింపు, అదీ సాదహళ్ళి టోలు కలపకుండా. మరొకచోట ప్రత్యేకంగా మా కోసమని చెప్పిన కారులో వేరే అతిథిని కూడా ఎక్కించారు, ఆయన కోసం మేము సామానుతో నిరీక్షించవలసి వచ్చింది. ధర అడిగేటప్పుడు టోలు, పన్ను, పార్కింగు, రాత్రి రుసుము అన్నీ కలిసిన మొత్తం ఎంత అని, కారు మా ఒక్కరికేనా అని రెండు ప్రశ్నలు ఒకేసారి అడగాలి. ఎలక్ట్రానిక్ సిటీ వెళ్ళేవారు సిల్క్‌బోర్డు కూడలి దాటాక వచ్చే ఎత్తురోడ్డుకు మరో టోలు ఉందని కూడా గుర్తుంచుకోవాలి. హెన్నూరు, బాగలూరు మీదుగా టోలు లేని దారి ఒకటి ఉంది. తూర్పు వైపు హోటళ్ళకు అది నిజంగానే దగ్గర, కాని రాత్రివేళ పెద్దవారితో వెళ్ళడానికి నేను ఇష్టపడను.

తిరుగు ప్రయాణానికి వచ్చేటప్పుడు మంచిగా తెచ్చిన డ్రైవరు ఉన్న సంస్థకే మళ్ళీ చెబుతున్నాము. ఉదయం ఎనిమిది గంటల విమానానికి బన్నేరుఘట్ట రోడ్డు నుంచి నాలుగున్నరకే కారు రమ్మంటాము. ముందురోజు రాత్రే డ్రైవరు పేరు, బండి నంబరు రాకపోతే పడుకోబోయే ముందు ఫోను చేసి తెప్పించుకుంటాము. ఆ సమయానికి కూడా నంబరు ఇవ్వలేనివారి బుకింగు అక్కడికక్కడే మానుకొని, అపార్ట్‌మెంటు కాపలాదారుకు తెలిసిన టాక్సీని పిలిపించుకుంటాము.