తనిఖీ క్యూలోనే ముగిసిన పోటీ: ఆరేళ్ల తర్వాత నా రివ్యూ

కాలేజీ పిల్లలు తామే రేస్ కారు తయారు చేసుకుని పోటీపడే ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీలకు మూడేళ్లు స్టూడెంట్‌గా వెళ్లాను, ఉద్యోగంలో చేరాక ఇంకో మూడేళ్లు వాలంటీర్‌గా వెళ్లాను. నాకు ఈరోజు చేతనైన ఇంజనీరింగ్‌లో ముప్పావు వంతు ఈ పోటీ పెట్టిన భిక్షే. మళ్లీ వెళ్తావా అని అడిగితే రేపే లీవ్ పెట్టేస్తాను. అంత ఇష్టం కాబట్టే, ఇది నడిపే తీరులో ఏం మారాలో మొహమాటం లేకుండా రాస్తున్నాను. నేను వెళ్లిన పోటీల పేర్లు మాత్రం రాయను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది 1981లో అమెరికాలోని ఆస్టిన్‌లో, టెక్సస్ యూనివర్సిటీలో ఫార్ములా ఎస్‌ఏఈ (ఎస్‌ఏఈ అంటే అక్కడి ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం) పేరుతో మొదలైంది. ఫార్ములా స్టూడెంట్ అనే పేరుతో బ్రిటన్‌లో 1998 నుంచి, జర్మనీలో హాకెన్‌హైమ్ ట్రాక్ మీద 2006 నుంచి నడుస్తోంది, మన దేశంలోనూ అదే పద్ధతిలో పోటీలు జరుగుతున్నాయి. ఒక్క మనిషి కూర్చునే చిన్న రేస్ కారుని కాలేజీ పిల్లలే డిజైన్ చేసి, తయారు చేసి, నడిపి చూపించాలి. మొత్తం 1000 పాయింట్లు. అమెరికా రూల్స్ ప్రకారం డిజైన్‌కి 150, కాస్ట్‌కి (కారు తయారీ ఖర్చు లెక్క) 100, బిజినెస్ ప్రెజెంటేషన్‌కి 75. మిగతా 675 ట్రాక్ మీదే తెచ్చుకోవాలి: 75 మీటర్ల యాక్సిలరేషన్, ఎనిమిది అంకె ఆకారంలో తిరిగే స్కిడ్‌ప్యాడ్, మలుపుల ట్రాక్ మీద ఒక్క ల్యాప్ టైము చూసే ఆటోక్రాస్, చివర్న ఎండ్యూరెన్స్ అనే సుమారు 22 కిలోమీటర్ల పొడవైన పరుగు, అందులోనే లెక్కేసే ఎనర్జీ పొదుపు. ఒక్క ఎండ్యూరెన్స్‌కే 275. అంటే కారు ట్రాక్ ఎక్కలేదంటే మూడింట రెండొంతులు పోయినట్టే.

ట్రాక్ ఎక్కాలంటే ముందు టెక్నికల్ ఇన్‌స్పెక్షన్ దాటాలి. అందరం టెక్ అనే అంటాం. మెకానికల్ తనిఖీ అయ్యాక టిల్ట్ టేబుల్ మీద కారుని 45 డిగ్రీలు వంచితే ఒక్క చుక్క కూడా కారకూడదు, 60 డిగ్రీలకి బోల్తా పడకూడదు. తర్వాత సౌండ్ టెస్ట్, చివర్న నాలుగు చక్రాలూ లాక్ అవ్వాల్సిన బ్రేక్ టెస్ట్. డ్రైవర్ బెల్టులన్నీ విప్పుకుని 5 సెకన్లలో బయటపడాలి. వీటిలో ఒక్కటి కూడా తగ్గించమని నేను అడగను, లోపల కూర్చునేది పంతొమ్మిది ఇరవై ఏళ్ల పిల్లలు. నా బాధంతా ఆ తనిఖీ జరిగే పద్ధతి గురించే.

మా మొదటి ఏడాది సంగతి చెప్తాను. కేటీఎం 390 బైకు ఇంజను పెట్టాం, ఫ్రేము పైపులన్నీ విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో రాత్రుళ్లు కూర్చుని వెల్డింగ్ చేయించాం, సెమిస్టర్ పరీక్షల మధ్యలో. కారుని డీసీఎంలో ఎక్కించుకుని ట్రాక్‌కి చేరేసరికి అందరికీ ఒళ్లు హూనమైపోయింది. టోకెన్ ఇచ్చారు. మా వంతు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ గారు గంటసేపు చూసి, హెడ్‌రెస్ట్ ఒకటి, షోల్డర్ బెల్టు కోణం ఒకటి సరిచేసుకు రమ్మన్నారు. చేసుకుని మళ్లీ క్యూ చివరికి వెళ్లి నిలబడ్డాం. మూడు గంటల తర్వాత ఇంకో ఇన్‌స్పెక్టర్ వచ్చారు. ఆయన సస్పెన్షన్ దగ్గర గొంతుకూర్చుని, టార్చ్ వేసి, లాక్ నట్ దాటి బయటికి వచ్చిన బోల్టు చివరని గోరుతో తడిమి, ఎన్ని త్రెడ్లు (మర చుట్లు) కనిపిస్తున్నాయి అని అడిగారు. చూశాను. ఒకటిన్నర. రూల్ ప్రకారం కనీసం రెండు పూర్తి త్రెడ్లు బయటికి ఉండాలి. ముందు రెండు చక్రాల దగ్గరా అన్ని బోల్టులదీ అదే పరిస్థితి.

ఆటో మాట్లాడుకుని ఊళ్లోకి పరిగెత్తాం. తల మీద 8.8 అని బలం గ్రేడు అచ్చు ఉన్న బోల్టులు, అదీ మాకు కావాల్సిన పొడవులో, మూడో షాపులో దొరికాయి. తిరిగొచ్చేసరికి ఆ రోజుకి టెక్ మూసేశారు. మర్నాడు పొద్దున టెక్ పాసయ్యాం, టిల్ట్, సౌండ్ అయ్యాయి, బ్రేక్ టెస్ట్ క్యూలో మా ముందు ఇంకా ఆరు కార్లు ఉండగానే ఎండ్యూరెన్స్‌కి టైమైపోయిందన్నారు. ఏడాది పని. మా డ్రైవర్ ఆ సాయంత్రం హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని డీసీఎం వెనకాల కూర్చున్నాడు, ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ రెండో ఇన్‌స్పెక్టర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఆ నట్టు వదులైతే విష్‌బోన్ (చక్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే కడ్డీ) ఊడొస్తుంది, చక్రం మడత పడుతుంది. కానీ అదే మాట ముందే, మొదటాయన కాగితం మీద రాసిచ్చి ఉంటే, మూడూ ఒకేసారి సరిచేసుకుని వచ్చేవాళ్లం.

వాలంటీర్‌గా అవతలి వైపు నిలబడ్డాక ఇంకో సంగతి అర్థమైంది. ఇన్‌స్పెక్టర్లు కొద్దిమందే, వాళ్లూ కంపెనీల్లో లీవు పెట్టుకుని సొంత ఇష్టంతో వచ్చినవాళ్లే. పొద్దున ఆరింటి నుంచి వంగి, పాకి, కార్ల కింద దూరి చూస్తూ ఉంటే మధ్యాహ్నం మూడింటికి కళ్లు పని చేయవు. ఒకసారి పొద్దున ఒక కారులో ఫైర్‌వాల్ (డ్రైవర్‌కీ ఇంజనుకీ మధ్య అడ్డుగోడ) పక్కన ఉన్న సందు నా కంట పడలేదు, పాస్ చేసేశాను. సాయంత్రం వేరే కారుని అలాంటి సందు ఉందనే ఆపాను, అప్పుడు పొద్దున్న కారు గుర్తొచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారగానే చెప్పి మొదటి కారుని మళ్లీ పిలిపించాం, వాళ్లు తిట్టుకుంటూ వచ్చారు, వాళ్ల కోపంలో న్యాయం ఉంది.

కాబట్టి నేను గట్టిగా అడిగేది ఇది. తనిఖీ కారు కాలేజీ గేటు దాటకముందే మొదలవ్వాలి. ఫ్రేము లెక్కల కాగితాలు ఎలాగూ నెలల ముందే తీసుకుంటున్నారు కదా, అలాగే పోటీకి రెండు వారాల ముందు తయారైన కారు ఫొటోలు, బోల్టుల చివర్లు, బెల్టుల కోణాలు, ఫైర్‌వాల్ అంచులు, బ్రేక్ లైన్లు, అన్నీ దగ్గర్నుంచి తీసి పంపమనండి. ఒక పాత స్టూడెంట్ ఇంట్లో కూర్చుని ఒక్కో కారుకి గంట పెట్టి చూసినా ఇలాంటి తప్పుల్లో చాలావరకు అక్కడే దొరుకుతాయి, ఆటోనగర్‌లో పది నిమిషాల్లో అయిపోయే పని ట్రాక్ దగ్గర పూట తినేస్తుంది. రెండోది, ఒక కారుకి ఒకే ఇన్‌స్పెక్టర్, మొదటి నుంచి పాసైనట్టు స్టిక్కర్ పడేదాకా. చూసినవన్నీ ఒకేసారి, రూల్ నంబరుతో సహా రాసివ్వాలి. తర్వాత ప్రాణానికి ప్రమాదమైనది కొత్తగా కనిపిస్తే ఎప్పుడైనా ఆపొచ్చు, అందులో వాదన లేదు. మూడోది, సరిచేసుకుని తిరిగొచ్చిన కారుని కొత్త కార్ల వెనకాల నిలబెట్టకండి, దానికి వేరే లైను పెట్టండి. ఇంకొకటి, ఇది పైసా ఖర్చులేని పని: ముందురోజు సాయంత్రం ఇన్‌స్పెక్టర్లందరూ ఒకే కారుని విడివిడిగా చూసి, ఎవరేం రాశారో పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకోవాలి.

టైము ఎక్కడి నుంచి వస్తుంది అంటారా? 2020లో కొవిడ్ వల్ల అమెరికాలో ఫార్ములా ఎస్‌ఏఈ కార్ల పరుగులు రద్దయ్యాక ప్రెజెంటేషన్, కాస్ట్ లాంటివి ఆన్‌లైన్‌లో పెట్టారు. ఆ అలవాటు మనం ఉంచేసుకోవాల్సింది. కాస్ట్, బిజినెస్ ప్రెజెంటేషన్ రెండూ పోటీకి పది రోజుల ముందే వీడియో కాల్‌లో ముగించేస్తే టీమ్‌లో సగం మంది కోటు వేసుకుని ఏసీ గదుల్లోకి పరిగెత్తే బాధ తప్పుతుంది, అందరూ కారు దగ్గరే ఉంటారు. డిజైన్ మాత్రం కారు పక్కన నిలబడే జరగాలి.

ఆ డిజైన్ గురించి ఒక మాట. మా టీమ్‌లో బ్రాకెట్లన్నీ చేసిన కుర్రాడు పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ ముక్క ఎందుకు అంత మందం ఉంచాడో, ఎక్కడ పగిలితే ఎలా మార్చాడో నిద్రలో లేపినా చెప్తాడు. జడ్జి ఇంగ్లిష్‌లో అడిగేసరికి నోరు పెగల్లేదు, మా కెప్టెన్ సగం తెలిసీ తెలియక జవాబిచ్చాడు, మార్కులు పోయాయి. రెండేళ్ల తర్వాత వాలంటీర్‌గా ఉన్నప్పుడు ఒక జడ్జి గారు, తెలుగువారే, ఒక స్టూడెంట్ తడబడుతుంటే, తెలుగులో చెప్పమ్మా, నేను రాసుకుంటాను అన్నారు. ఆ అమ్మాయి పది నిమిషాలు ఆపకుండా చెప్పింది, జడ్జి గారు మోకాళ్ల మీద కూర్చుని అప్‌రైట్ (చక్రం బిగించే ముక్క) వైపు చూస్తూ విన్నారు. తెలుగు, తమిళం, హిందీ తెలిసిన జడ్జిలు ఉన్నచోట ఇది రూల్ పుస్తకంలోనే రాసిపెట్టొచ్చు. అలాగే డిజైన్ అయ్యాక ఎక్కడ మార్కులు తగ్గాయో ఒక పేజీ ఇవ్వండి. ఉత్త నంబరు ఇస్తే వచ్చే ఏడాది జూనియర్లు అదే తప్పు మళ్లీ చేస్తారు.

ఎలక్ట్రిక్ కార్లకి టెన్షన్ ఇంకా ఎక్కువ. 600 వోల్టుల దాకా అనుమతి ఉంటుంది, అక్కడ ఏమరుపాటు పనికిరాదు. రెయిన్ టెస్ట్‌లో 120 సెకన్లు నీళ్లు చల్లి, ఇంకో 120 సెకన్లు ఆగి చూస్తారు, ఆ కాసేపట్లో కరెంటు లీకవుతోందేమో కనిపెట్టే ఇన్సులేషన్ మానిటర్ ట్రిప్ అయితే తప్పు ఏ కనెక్టర్‌లో ఉందో వెతకడానికే రోజు గడిచిపోతుంది. బ్యాటరీ తనిఖీ తెలిసినవాళ్లు ఒకరిద్దరే ఉంటారు, వాళ్ల దగ్గరే క్యూ ఆగిపోతుంది. అందుకని ఎలక్ట్రిక్ టీమ్‌లని ఒకరోజు ముందే పిలిచి బ్యాటరీ పని అప్పుడే ముగించేయాలి.

ప్రొటెస్ట్ సంగతి కూడా, అంటే అధికారుల నిర్ణయం తప్పని టీమ్ వేసే అభ్యంతరం. ఫార్ములా ఎస్‌ఏఈ రూల్స్‌లో ప్రొటెస్ట్ వేయాలంటే 25 పాయింట్లు పణంగా పెట్టాలి, ఓడితే అవి పోతాయి. ఊరికే గొడవ చేసేవాళ్లని ఆపడానికి అది మంచిదే. కానీ ట్రాక్ అంచున పెట్టే కోన్ కారుకి తగిలిందా లేదా, ల్యాప్ లెక్క సరిగా పడిందా అని మామూలుగా అడిగే చోటు కూడా లేకపోతే పిల్లలు భయపడి ఊరుకుంటారు. పాయింట్ల భయం లేకుండా అడిగే ఒక టేబుల్, ఒక మనిషి ఉంటే చాలు.

క్యూ దగ్గర నీడ, మంచినీళ్లు, ఆడపిల్లలకి దగ్గర్లో శుభ్రమైన టాయిలెట్, వీటి గురించి ఆరేళ్లుగా ప్రతి ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాస్తూనే ఉన్నాను, ఇక్కడా రాస్తున్నాను.

ఈసారి వెళ్లే టీమ్‌లకి చిన్న సలహా: మీరు వాడిన ప్రతి సైజు బోల్టు కంటే 5 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నది ఒక డబ్బాలో వేసుకెళ్లండి.

నేను వాలంటీర్‌గా వెళ్లిన చివరి పోటీలో, బతిమాలగా బతిమాలగా, తిరిగొచ్చిన కార్లకి వేరే లైను పెట్టనిచ్చారు. ఒక బల్ల, ఒక గొడుగు, నేను. మధ్యాహ్నం రెండింటికి ఒక అమ్మాయి స్పానర్ చేతిలో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది, వెనకాలే నలుగురు కారు తోసుకుంటూ వచ్చారు. వాళ్ల కాగితం మీద రాసినది ఒకే ఒక్కటి, స్టీరింగ్ ర్యాక్ దగ్గర రెండు బోల్టులు. టార్చ్ వేసి చూశాను, గోరు ఆనించి లెక్కపెట్టాను, మూడేసి త్రెడ్లు ఉన్నాయి. నాలుగు నిమిషాల్లో స్టిక్కర్ అంటించి టిల్ట్ టేబుల్ వైపు పంపించాను.