రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు: మన పాస్టర్లకూ ఫాదర్లకూ ఎంతవరకు పనికొస్తాయి?

నవంబరు 26 దగ్గరపడితే గుంటూరు, విజయవాడ చర్చిల్లో రాజ్యాంగ దినోత్సవం మాట వస్తుంది. యవ్వనస్థుల కూడికలో ఎవరో ఒకరు అడుగుతారు: రాజ్యాంగం రాసేటప్పుడు మన సేవకులు, అంటే పాస్టర్లు, ఫాదర్లు, ఏం చేశారు, ఎవరికి ఓటేశారు? జవాబు చాలాసార్లు వాట్సాప్‌లో తిరిగే ముక్కల నుంచే వస్తుంది. అసలు రికార్డు మాత్రం అక్షరం పొల్లుపోకుండా అచ్చులో ఉంది. 1946 డిసెంబరు 9 నుంచి 1950 జనవరి 24 వరకు రాజ్యాంగ సభలో ఎవరేం మాట్లాడారో మొత్తం 12 సంపుటాలు. లోక్‌సభ సచివాలయం వాటిని 5 లావు పుస్తకాలుగా బైండు చేసి అమ్ముతోంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా రెండు చోట్ల దొరుకుతాయి. స్కాన్ చేసిన పేజీలు పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. టైపు చేసిన పాఠం, బెంగళూరులోని సెంటర్ ఫర్ లా అండ్ పాలసీ రీసెర్చ్ నడిపే కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇండియా డాట్ నెట్‌లో ఉంది.

ముందే చెప్పేస్తే, సంఘంలో చదువుకోడానికి ఇంతకంటే మంచి సరుకు లేదు. కాకపోతే నేరుగా మొదటి పేజీ నుంచి మొదలుపెడితే నెలలోపే అటక ఎక్కుతుంది. ఏ తేదీ తెరవాలో తెలిసి తెరవాలి.

మన దేశంలో రాజ్యాంగం మీద ప్రజల ఓటు జరగలేదు. ఇది గుర్తుంచుకోకపోతే విదేశాల సంగతులు తెచ్చి ఇక్కడ అతికిస్తాం. కెన్యాలో 2010 ఆగస్టు 4న కొత్త రాజ్యాంగం మీద ఓటు పెట్టినప్పుడు కాథలిక్ బిషప్పులు, ప్రొటెస్టెంట్ సంఘాల సమాఖ్య ‘వద్దు’ అని ఊరూరా ప్రచారం చేశారు. గర్భస్రావం క్లాజు మీద, ఖాజీ కోర్టుల మీద వాళ్ల అభ్యంతరం. మూడింట రెండొంతుల మంది ‘కావాలి’ అనే ఓటేశారు. మలావిలో కథ వేరు. 1992 మార్చిలో బిషప్పులు రాసిన లేఖను చర్చిల్లో చదివారు, 1993 జూన్ ఓటుతో ఏకపార్టీ పాలన పోయింది. ఆ రెండు చోట్లా సేవకులు బయట నిలబడి జనాన్ని ఒప్పించాలని చూసినవాళ్లు. మన దగ్గర ఇద్దరు సేవకులు సభ లోపల సభ్యులుగా కూర్చున్నారు. వాళ్ల ప్రతి మాటా రికార్డయింది. మనకు దొరికిన భాగ్యం అదే, దాన్ని వాడుకోకపోవడం అన్యాయం.

ఆ ఇద్దరిలో ఒకరు ఫాదర్ జెరోమ్ డిసౌజా, జెజ్విట్ అనే కాథలిక్ గురువుల సంఘం సభ్యుడు. రికార్డులో ఆయన పేరు పక్కన ‘మద్రాస్: జనరల్’ అని ఉంటుంది. అప్పట్లో సభ్యులను ఎన్నుకున్నది ప్రాంతీయ శాసనసభలు. స్థానాలు జనరల్, ముస్లిం, సిక్కు అని మూడే రకాలు, క్రైస్తవులు జనరల్‌లోనే. మద్రాసు శాసనసభలో గుంటూరు, కృష్ణా జిల్లాల ఎమ్మెల్యేలూ ఉన్నారు. అంటే ఈ ఫాదర్‌ను పంపింది చర్చి కాదు, మన జిల్లాల ప్రతినిధులు కూడా ఉన్న శాసనసభ. విజయవాడలో 1953లో ఆంధ్ర లయోలా కాలేజీ పెట్టిందీ ఆ జెజ్విట్ సంఘమే. రెండోవారు రెవరెండ్ జె.జె.ఎం. నికల్స్ రాయ్, ఖాసీ కొండల పాస్టరు, ‘అస్సాం: జనరల్’.

ఇక ఏం చదవాలి? మూడు దారులు చాలు.

మొదటిది మతప్రచార హక్కు. దీనికి మూడు సంపుటాలు పక్కపక్కన పెట్టుకోవాలి. మూడో సంపుటంలో 1947 మే 1 తెరవండి. బలవంతంగానో ఒత్తిడితోనో జరిగిన మతమార్పిడిని చట్టం గుర్తించదన్న క్లాజు ఆ రోజు చర్చకొచ్చింది. 18 ఏళ్లలోపువారి మతమార్పిడినీ గుర్తించకూడదని కె.ఎం. మున్షీ సవరణ ఇచ్చారు. నికల్స్ రాయ్ దాన్ని మనస్సాక్షి స్వేచ్ఛ పేరుతో ఎదిరించారు. పదిహేనేళ్ల వయసులో దేవుని పిలుపు విని తాను క్రైస్తవుడయ్యానన్న సొంత అనుభవం చెప్పారు. తల్లిదండ్రులు మతం మారితే పిల్లల సంగతేమిటి లాంటి ఆచరణలో వచ్చే చిక్కులు ముందు పెట్టింది ఆంగ్లో-ఇండియన్ సభ్యుడు ఫ్రాంక్ ఆంథోనీ. క్లాజును మళ్లీ, ప్రాథమిక హక్కులూ మైనారిటీల సంగతీ చూసే సలహా సంఘానికి పంపారు. తర్వాత అయిదో సంపుటం, ఆగస్టు 30. ఇది అందరికీ తెలిసిన సూత్రమే, రాజ్యాంగంలో రాయనక్కరలేదు అని సర్దార్ పటేల్ నివేదిక ఆ క్లాజునే తీసేసింది. అప్పుడు ఏడో సంపుటం, 1948 డిసెంబరు 3, 6 తేదీలు. ఇప్పటి 25వ అధికరణం అప్పటి ముసాయిదాలో 19. ప్రచారం చేసే హక్కు వద్దని లోకనాథ్ మిశ్రా గట్టిగా మాట్లాడారు. ఉండాలని నిలబడ్డవాళ్లు లక్ష్మీకాంత మైత్ర, ఎల్. కృష్ణస్వామి భారతి, టి.టి. కృష్ణమాచారి, మున్షీ. ఒక్కరూ క్రైస్తవులు కారు. తాను పద్నాలుగేళ్లు క్రైస్తవ విద్యాసంస్థల్లో చదివినా తనను మార్చడానికి ఎవరూ ప్రయత్నించలేదని కృష్ణమాచారి చెప్పిన మాట అక్కడే ఉంది. మే నెలలో పిల్లల క్లాజు తెచ్చిన మున్షీయే డిసెంబరులో ఈ హక్కును సమర్థించడం గమనించండి. మన వేదికల మీద ‘క్రైస్తవులు పోరాడి తెచ్చుకున్న హక్కు’ అంటుంటారు. ఈ మూడు సంపుటాల చర్చలు వరసగా చదివినవాళ్లు ఆ మాట అంత తేలిగ్గా అనలేరు. ఇతర మతాల సభ్యులు తమ నోటితో అడిగి, తమ ఓటుతో నిలబెట్టిన హక్కది.

రెండో దారి ఆరో షెడ్యూలు, అంటే అస్సాం కొండజాతుల స్వయంపాలన గురించిన భాగం. తొమ్మిదో సంపుటం, 1949 సెప్టెంబరు 5 నుంచి 7. గోపీనాథ్ బర్దొలై అధ్యక్షతన అస్సాం కొండ ప్రాంతాల మీద పనిచేసిన ఉపసంఘంలో నికల్స్ రాయ్ సభ్యుడు. కాబట్టి ఇక్కడ ఆయన మాట్లాడింది తాను కూర్చుని తయారుచేసిన ముసాయిదా గురించి. కొండజాతుల స్వయంపాలనను కులధర్ చాలిహా లాంటివాళ్లు ఎద్దేవా చేశారు. నికల్స్ రాయ్ జవాబు ఏ పాస్టరైనా నాలుగుసార్లు చదవాలి. మా కొండల్లో రాజూ కూలీ కలిసి పొలంలో పనిచేస్తారు, కలిసి తింటారు, మైదానాల్లో అలా ఉందా అని సభనే అడిగారు. అందులో ప్రసంగ ధోరణి లేదు. జిల్లా కౌన్సిళ్లు, భూమి, ఆచార చట్టం, ఇవే. సేవకుడు చట్టసభలో ఎలా మాట్లాడాలి అన్నదానికి ఇంతకు మించిన నమూనా మొత్తం 12 సంపుటాల్లో లేదన్నది మా అభిప్రాయం.

మూడోది మన ప్రాంతానికి అన్నిటికంటే దగ్గరిది, ఎక్కువ తప్పుగా అర్థమయ్యేదీ ఇదే. ఎనిమిదో సంపుటం, 1949 మే 25, 26. మైనారిటీలకు చట్టసభల్లో రిజర్వు స్థానాలు వద్దన్న నివేదిక. సలహా సంఘంలో ఆ తీర్మానం పెట్టింది హెచ్.సి. ముఖర్జీ. ఆయన క్రైస్తవుడు, ప్రొఫెసరు, సభకు ఉపాధ్యక్షుడు, కానీ పాస్టరు కాదు. సభలో ఫాదర్ జెరోమ్ డిసౌజా దాన్ని బలపరిచారు. ‘ఆ రోజు మన ఫాదర్లు ఒప్పుకున్నందువల్లే దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా పోయింది’ అనుకునేవాళ్లు ఉంటారు. ఆ రెండూ వేర్వేరు. మే 1949లో తేలింది మతాన్ని బట్టి ఇచ్చే చట్టసభ స్థానాల సంగతి. ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వులోని మూడో పేరా. 341వ అధికరణం కింద వచ్చిన ఆ ఉత్తర్వు నాటికి రాజ్యాంగ సభ పని ముగిసిపోయింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. గుంటూరు జిల్లా సంఘాల్లో ఈ అంశం పెట్టేవాళ్లు ఉత్తర్వు పాఠాన్ని కూడా విడిగా ప్రింటు తీసి పంచండి. అది ఈ సంపుటాల్లో దొరకదు.

ఇప్పుడు ఈ రికార్డు ఇవ్వలేనిది. ఫలానా ఫాదర్ ఫలానా సవరణకు ఓటేశారా లేదా అని వెతికితే దాదాపు ఎప్పుడూ జవాబు దొరకదు. సభలో ఎక్కువ ఓట్లు నోటితో పలికినవే. చర్చ చివర ‘సవరణ వీగిపోయింది’, ‘సవరించిన రూపంలో అధికరణం రాజ్యాంగానికి చేర్చబడింది’ అన్న ఒక్క లైను ఉంటుంది, పేర్లుండవు. 1949 నవంబరు 26న మొత్తం రాజ్యాంగాన్ని ఆమోదించినప్పుడూ అంతే, హర్షధ్వానాల మధ్య తీర్మానం నెగ్గిందని ఉంటుంది. 1950 జనవరి 24న 284 మంది సంతకాలు చేశారు. ఓటు లెక్కకు ఎంతో కొంత దగ్గరగా వచ్చే పేర్ల జాబితా అదొక్కటే. కాబట్టి ‘మన సేవకులు ఎవరికి ఓటేశారు’ అన్న ప్రశ్నకు నిజాయితీ గల జవాబు వాళ్ల ప్రసంగాల్లోనే ఉంది. పేరుపేరునా ఓట్ల లెక్క చెప్పే పోస్టరు ఎవరైనా పంపితే నమ్మకండి.

ఏ రూపం మంచిది? వెతకడానికి టైపు పాఠం ఉన్న సైటు. ప్రతి పేరాకూ సంపుటం, రోజు, పేరా సంఖ్యలు చుక్కలతో కలిపి నంబరు ఉంటుంది. ఆ నంబరు రాసుకుంటే ఎప్పుడైనా అక్కడికే వెళ్లొచ్చు. ఇప్పటి అధికరణం పేజీ తెరిస్తే ముసాయిదాలో దాని పాత నంబరు, చర్చ జరిగిన తేదీలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఈ నంబర్ల దగ్గరే. ఇప్పటి 26 అప్పటి 20. మిషన్ స్కూళ్ల యాజమాన్యాలకు కావలసిన 29, 30 రెండూ అప్పటి 23లో ఉన్నాయి. స్కూళ్లలో మతబోధ గురించిన 28 అప్పటి 22. చర్చ పాఠంలో పాత నంబర్లే ఉంటాయి కాబట్టి ఈ జాబితా పక్కన పెట్టుకోండి. మాట పక్కాగా ఉదహరించాల్సి వచ్చినప్పుడు మాత్రం స్కాన్ పేజీతో సరిచూడండి, పుస్తకం పేజీ నంబరు అక్కడే ఉంటుంది. 5 పుస్తకాల సెట్టు కాలేజీ లైబ్రరీలకూ బైబిలు కళాశాలలకూ సరే, ఒక సంఘం కొనాల్సిన పని లేదు.

పేర్లతో వెతికితే మూడు చిక్కులు. సభలో డిసౌజాలు ఇద్దరు. బొంబాయి నుంచి వచ్చిన జోసెఫ్ ఆల్బన్ డిసౌజా ఫాదర్ కాదు, బ్రాకెట్‌లో ఉన్న ప్రాంతం చూసి తేల్చుకోవాలి. నికల్స్ రాయ్ పేరు మధ్యలో గీత ఉన్నట్టూ లేనట్టూ రెండు రకాలుగా ఇచ్చి చూడండి. ముఖర్జీ పేరు రికార్డులో వేరే స్పెల్లింగుతో, కె తర్వాత హెచ్‌తో ఉంటుంది. పైగా అధ్యక్ష స్థానంలో ఉన్నప్పుడు ఆయన మాటలు ‘మిస్టర్ వైస్ ప్రెసిడెంట్’ అనే వస్తాయి. 1948 డిసెంబరులో ప్రచార హక్కు మీద చర్చ నడిపింది ఆయనే. పేరుతో మాత్రమే వెతికేవాళ్లకు అది కనపడదు.

పాఠం ఇంగ్లీషులో ఉంటుంది, అదీ పాతకాలపు సభామర్యాదల ఇంగ్లీషు. ఊళ్లో సంఘానికి నేరుగా ఇస్తే లాభం లేదు. ఎనిమిది నుంచి పన్నెండు మంది గుంపుకు ఒక కూడికలో ఒకే దారి, నాలుగు పేజీలు మించకుండా పెట్టండి. ఒకరు ముందే చదివి తెలుగులో చెప్పాలి. మన సేవకుడి ప్రసంగం ఒక్కటే కత్తిరించి ప్రింటు తీయొద్దు. ఆయన ఎవరికి జవాబిస్తున్నారో తెలియాలంటే ముందు మాట్లాడిన సభ్యుడి పాఠం ఉండాలి, చివర ఫలితం లైను ఉండాలి. ఈ రెండూ లేకపోతే అది చర్చగా మిగలదు, ప్రసంగమైపోతుంది. పక్కన తెలుగు రాజ్యాంగం ప్రతి ఒకటి తెరిచి ఉంచితే అధికరణం ఇప్పుడెలా ఉందో అక్కడికక్కడే చూసుకోవచ్చు.

చివరిగా అయ్యగార్లకూ ఫాదర్లకూ ఒక హెచ్చరిక. రాజ్యాంగ చరిత్ర చదివించడం వేరు, దాన్ని ఎన్నికల వైపు తిప్పడం వేరు. మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం, 1988 ప్రకారం ప్రార్థనా స్థలాన్ని రాజకీయ కార్యకలాపానికి వాడితే అయిదేళ్ల వరకు జైలు, పదివేల వరకు జరిమానా. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద ‘దేవుని ఆగ్రహానికి గురవుతావు’ అని ఓటరును బెదిరించడం అక్రమ ప్రభావం. మతం పేరుతో ఓటు అడగడం అవినీతి చర్య. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అంతేనని సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 2017 జనవరి 2న 4–3 మెజారిటీతో తేల్చింది. ఎన్నికల షెడ్యూలు వచ్చాక ఈ పాఠాలు పెట్టుకోవద్దు. పెట్టాల్సి వస్తే పార్టీ పేరు, అభ్యర్థి పేరు ఎవరి నోటా రాకుండా కూడిక నడిపేవాళ్లు చూసుకోవాలి, పంచే కాగితాల మీద తేదీ, సంపుటం, పేజీ తప్ప ఇంకేమీ రాయకూడదు.