ఐదు రోజుల సూపర్‌వైజర్ శిక్షణ: మూడేళ్ల తర్వాత నాకు మిగిలిన ఒక మధ్యాహ్నం

నేను ఒక విద్యుత్ పంపిణీ సంస్థలో సెక్షన్ ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీర్‌ని. తెలంగాణలో పల్లెటూరి సెక్షన్, కింద పదకొండు మంది సిబ్బంది. 2022 నవంబర్‌లో నాయకత్వం, సిబ్బంది నిర్వహణ అనే పేరుతో ఐదు రోజుల శిక్షణకు మమ్మల్ని హైదరాబాద్ పంపారు. ఇలాంటి శిక్షణల్లో ఏముంటుందో ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. టైమ్ మేనేజ్‌మెంట్, నాలుగు గడుల పట్టిక, మీరు ఎలాంటి మనిషో చెప్పే ప్రశ్నపత్రం, చివరి రోజు సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో. వాటి జోలికి వెళ్లను. రెండో రోజు భోజనం తర్వాత జరిగిన రెండు గంటల క్లాసు గురించి మాత్రం వివరంగా రాయాలి. ఆ క్లాసు లేకపోతే మా గ్యాంగ్‌లో ఒక మనిషి ఈరోజు ఉండేవాడు కాదని నా నమ్మకం.

క్లాసు తీసుకున్నది ఒక రిటైర్డ్ అధికారి. స్లైడ్లు పెట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని 1977 మార్చి 27న టెనెరిఫ్ దీవిలో జరిగిన విమాన ప్రమాదం గురించి చెప్పారు. పొగమంచులో రన్‌వే మీద రెండు జంబో జెట్‌లు ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక విమానం కేఎల్‌ఎం సంస్థది, రెండోది పాన్ యామ్‌ది. కేఎల్‌ఎం కెప్టెన్ అంటే ఆ సంస్థలో మిగతా పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్దాయన. టవర్ నుంచి టేకాఫ్‌కు అనుమతి రాకముందే ఆయన విమానాన్ని పరుగెత్తించాడు. పక్కనున్న ఫ్లైట్ ఇంజనీర్‌కు అనుమానం వచ్చింది. ఆ రెండో విమానం రన్‌వే మీంచి తప్పుకుందా లేదా అని అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా అన్నాడు. ఇంజనీర్ ఇంకేమీ అనలేదు.

"మీ గ్యాంగ్‌లో ఆ ఇంజనీర్ ఎవరు? రెండోసారి అడిగే ధైర్యం అతనికి మీరు ఇచ్చారా?" అని మమ్మల్ని అడిగారు. గదిలో దాదాపు ముప్పై మందిమి ఉన్నాం. అందరం ఏదో ఒక సబ్‌స్టేషన్ కింద మనుషుల్ని పోల్ ఎక్కించేవాళ్లమే. ఒక్కరం మాట్లాడలేదు. నాకైతే మా సెక్షన్‌లో ఒక్కొక్కరి ముఖం గుర్తొచ్చింది.

ఆ ప్రమాదం, అలాంటివే ఇంకొన్ని జరిగాక 1979లో నాసా ఈ విషయం మీదే ఒక వర్క్‌షాప్ పెట్టిందట. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు దీని మీద శిక్షణ మొదలుపెట్టింది. చిన్నవాడు పెద్దవాడిని ఆపడం ఎలా, ఆపినప్పుడు పెద్దవాడు వినడం ఎలా అన్నదే ఆ శిక్షణలో ముఖ్యం. ఆయన దాన్ని మా పనికి తగ్గట్టు కుదించి మూడు అలవాట్లుగా చెప్పారు. ఆర్డర్ విన్నవాడు దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి, "సరే సార్" అంటే చాలదు. పని మొదలుపెట్టే ముందు అందరికంటే చిన్నవాడు మొదట మాట్లాడాలి, ఆఫీసర్ చివర మాట్లాడాలి. ఎవరు "ఆగండి" అన్నా పని ఆగాలి, ఎందుకు అన్నాడో ఆగిన తర్వాతే అడగాలి.

చిన్నవాడితో మొదట ఎందుకు మాట్లాడించాలో చెప్పడానికి ఆపరేషన్ థియేటర్ గురించి చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీల కోసం తయారుచేసిన 19 అంశాల చెక్‌లిస్టులో, కోత పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేసే పని పైకి చెప్పాలని ఉంటుంది. ఒకసారి గొంతు విప్పినవాడికి రెండోసారి విప్పడం అంత కష్టం కాదు. నాకు బాగా నచ్చిన మాట ఇది.

మా పనితో దీనికి సంబంధం ఏమిటో బయటివాళ్లకు కొంచెం చెప్పాలి. లైన్ మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకోవాలి. అతను ఆ ఫీడర్‌కు, అంటే సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే ఆ లైన్‌కు, బ్రేకర్ ఆపి, లాగ్ బుక్‌లో రాసి, సరఫరా లేదని ఫోన్‌లో చెబుతాడు. మేం లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, పని చేసే చోటుకు రెండు వైపులా లైన్‌ను నేలకు కలిపే ఎర్త్ రాడ్లు వేసి, అప్పుడు ఎక్కాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది, 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. నిబంధనలకు ఏ లోటూ లేదు. కానీ మధ్యలో ఒక ఫోన్ కాల్ ఉంటుంది, ఆ కాల్‌లో ఒక తప్పు మాట దొర్లితే రాసిన నిబంధన ఏదీ ఆ మనిషిని కాపాడలేదు. పైగా 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా వచ్చాక లైన్ ఎప్పుడు చూసినా లైవ్‌లోనే ఉంటుంది. మునుపు విడతల వారీగా ఇచ్చినప్పుడు సరఫరా లేని గంటలు చూసుకుని పని పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు ప్రతి చిన్న పనికీ ఎల్‌సీ కావాలి.

తిరిగి రాగానే మొదలుపెట్టాను. మొదటి నెల ఎవరికీ నచ్చలేదు. మా లైన్ ఇన్‌స్పెక్టర్ వయసులో నాకంటే చాలా పెద్ద. "ఇరవై ఆరేండ్ల సంది పోల్ ఎక్కుతున్న సార్, ఇప్పుడు బడి పిల్లగాని లెక్క అప్పజెప్పాల్నా?" అన్నాడు. "అన్నా, ముందు నేనే అప్పజెప్తా, మీరు వినుండ్రి" అన్నాను. నిజంగానే రెండు వారాలు ప్రతి పనికీ నేనే ఆయన ముందు నిలబడి చెప్పాను: ఏ ఫీడర్, ఎక్కడ ఆపాం, రాడ్లు ఎక్కడ వేశాం, ఏం తప్పు జరగొచ్చు. అది చూసి ఆయన మెత్తబడ్డాడు. ఆయన ఒప్పుకున్నాక మిగతావాళ్లు ఎదురు చెప్పలేదు.

ఇక 2024 ఏప్రిల్ సాయంత్రం సంగతి. యాసంగి వరికి చివరి తడులు నడుస్తున్నాయి. మధ్యాహ్నం దుమారం లేచి ఒక ఎండిన వేపకొమ్మ విరిగి 11 కేవీ లైన్ మీద పడి వేలాడుతోంది. కొమ్మ పొడిది కాబట్టి లైన్ ట్రిప్ కాలేదు. కానీ పడమట మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడి కొమ్మ తడిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు, దాని కిందే బాట ఉంది. మేం అక్కడికి చేరేసరికి ఐదున్నర. రైతులు చుట్టూ చేరి ఎంతసేపని అడుగుతున్నారు. నేనే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఒకటో నంబర్ ఫీడర్ మీద ఎల్‌సీ అడిగాను. ఆపరేటర్ తిరిగి చెప్పాడు: "ఒకటో నంబర్, బ్రేకర్ ఆపిన, రాసుకున్న." అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. లైన్‌లో కరెంటు ఉందో లేదో చెప్పే వోల్టేజ్ డిటెక్టర్ మాత్రం ఆ రోజు ఇంకో గ్యాంగ్ దగ్గర ఉంది. లైన్‌మన్ బెల్టు కట్టుకున్నాడు, ఇంకొకరు ఎర్త్ రాడ్ చేతిలోకి తీసుకున్నారు.

మబ్బును చూసి, ఈ ఒక్కసారికి అప్పజెప్పడం వదిలేద్దామని నా నోటి దాకా వచ్చింది. అనలేదు. మామూలుగా అందరికంటే చిన్నవాడి వైపు చూశాను. అతను ఆర్టిజన్, అంటే కిందిస్థాయి కార్మికుడు, ఇరవై ఏడేళ్లుంటాయి. పని తెలిసినవాడే కానీ మాటలు తక్కువ. కాసేపు పోల్ వైపు చూసి అన్నాడు:

"ఆగుండ్రి సార్. ఈ ముక్క ఒకటో నంబర్ కాదు. ఫిబ్రవరిల లోడ్ ఎక్కువైందని రెండో నంబర్‌కు కలిపినం కదా. జంపర్ నేనే కట్టిన."

జంపర్ అంటే రెండు లైన్లను కలిపే తీగ ముక్క. ఆ మార్పు చేయమని చెప్పింది నేనే. కాగితం మీద సంతకం కూడా నాదే. ఆ తొందరలో నా తలలోంచి పూర్తిగా పోయింది. లైన్ ఇన్‌స్పెక్టర్ ఆ రోజు జంపర్ పనికి రాలేదు, ఆయనకు తెలిసే వీల్లేదు. ఆపరేటర్ నేను అడిగిన ఫీడరే ఆపాడు.

అందరం నిశ్శబ్దమైపోయాం. అప్పుడు వినిపించింది. రెండు పొలాల అవతల బోరు మోటార్ నడుస్తూనే ఉంది, నీళ్లు కాలువలో పడుతున్న చప్పుడు. మేం వచ్చినప్పటి నుంచీ అది నడుస్తూనే ఉండాలి. ఆరుగురి చెవుల్లో పడుతున్నా ఒక్కరికీ తట్టలేదు. ఆ మోటార్‌కు కరెంటు వస్తున్నది మేం ఎక్కబోతున్న లైన్ నుంచే.

రాడ్ పట్టుకున్న అతను దాన్ని నేల మీద పెట్టి పక్కకు వెళ్లి కూర్చున్నాడు. నేను మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి రెండో నంబర్, ఆపరేటర్ రెండుసార్లు తిరిగి చెప్పాడు. మోటార్ ఆగిన చప్పుడు మా చెవులతో విన్నాం. ఆ తర్వాత కూడా చాలాసేపటికి గానీ లైన్‌మన్‌ను ఎక్కమనడానికి నాకు నోరు రాలేదు. చినుకులు మొదలయ్యేలోపు కొమ్మ తీసేశారు. సరఫరా ఇచ్చేసరికి ఏడు దాటింది. ఆ రాత్రి ఇంట్లో అన్నం ముందు కూర్చుని తినలేకపోయాను. మా ఆవిడ అడిగితే రెండు రోజుల తర్వాత చెప్పాను.

ఎర్త్ రాడ్ వేసినప్పుడు మెరుపు వచ్చి బ్రేకర్ పడిపోయేదని, అప్పుడైనా తెలిసేదని తర్వాత ఒకరిద్దరు అన్నారు. కావచ్చు. ఆ మెరుపు ముందు నిలబడేది ఎవరో నాకు తెలుసు కాబట్టి ఆ మాటతో నాకు ఊరట కలగలేదు. మర్నాడు చేసిన మొదటి పని, ఫీడర్ మార్చిన ప్రతి పోల్ మీద పెయింటుతో నంబర్ రాయించడం. రెండోది, డిటెక్టర్ లేకుండా గ్యాంగ్ కదలకూడదని రాసి గోడకు అంటించడం.

ఇంత చెప్పాక శిక్షణ మొత్తం బంగారం అనాలనిపిస్తుంది. తిరిగొచ్చిన వారమే మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అలాగే రాశాను కూడా, "ఐదు రోజుల్లో ఒక్క నిమిషం వృథా కాలేదు" అని. ఇప్పుడైతే అలా రాయను. పని అప్పగించడం గురించి ఒక పూటంతా చెప్పారు. ఏఈకి ఎంత వరకు మంజూరు చేసే అధికారం ఉందో, సెక్షన్‌లో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో చెప్పేవాళ్లకు తెలిసినట్టు అనిపించలేదు. తప్పును రెండు మెచ్చుకోళ్ల మధ్య పెట్టి చెప్పాలన్న పద్ధతిని నేను మూడు నెలలు పాటించాను. ఆ తర్వాత "మంచిగ చేసినవ్" అనగానే మా వాళ్ల ముఖాల్లో టెన్షన్ కనిపించేది, వెనకాల ఏదో తిట్టు వస్తోందని. మానేశాను. ఇప్పుడు మెచ్చుకోవాలంటే మెచ్చుకుంటాను, తప్పుంటే పక్కకు పిలిచి చెబుతాను.

నేను ఇంతగా పొగిడిన అలవాటు కూడా దానంతట అది నిలబడేది కాదు. ఏడాదిన్నర గడిచేసరికి అప్పజెప్పడం మంత్రం చదివినట్టు అయిపోయింది. "బంద్ అయింది, రాడ్ పడ్డది, ఏం భయం లేదు" అని పోల్ వైపు చూడకుండానే గబగబా అనేసేవాళ్లు. జపాన్ రైల్వేలో డ్రైవర్లు సిగ్నల్‌కు వేలు చూపించి పైకి చదువుతారని అదే క్లాసులో చెప్పారు. దాన్ని తెచ్చి పెట్టాను. ఇప్పుడు ఏబీ స్విచ్ వైపు వేలు చూపించి, బ్లేడు తెరిచి ఉందో లేదో చూసి చెప్పాలి. కొంత మేలు. గాలివాన రాత్రి నాలుగు చోట్ల ఒకేసారి లైన్లు పడినప్పుడు, గ్యాంగ్‌లో ఇద్దరే ఉన్నప్పుడు, ఇది ఎంత వరకు జరుగుతోందో నేను గట్టిగా చెప్పలేను. అన్ని చోట్లా నేను ఉండను కదా.

ఇంకొకటి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఈ పద్ధతి కిందికి నడుస్తుంది, పైకి నడవదు. పైనుంచి ఫోన్ వచ్చి "ఇంకా ఎంతసేపు, వెంటనే ఇచ్చెయ్" అంటే, ఆ మాటను తిరిగి చెప్పించే చనువు నాకు లేదు. మా బ్యాచ్‌లో అందరం ఏఈలమే. మాకు పైనున్న ఒక్కరైనా ఆ మధ్యాహ్నం మా పక్కన కూర్చుని ఉంటే బాగుండేది. ఇదే మాట ఐదో రోజు ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను.

కాబట్టి వెళ్లాలా వద్దా అని అడిగేవాళ్లకు నా జవాబు నా పరిస్థితిని బట్టే ఉంటుంది. నాది చిన్న సెక్షన్, నాలుగేళ్లుగా దాదాపు అదే గ్యాంగ్. సబ్‌స్టేషన్ బండి మీద పది నిమిషాల దూరం, ఆపరేటర్లు ముఖం తెలిసినవాళ్లు. మా లైన్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోవడం నా అదృష్టం. నగరంలో రోజుకో కాంట్రాక్టు గ్యాంగ్‌తో పని చేయించే మిత్రుడు ఇదే మొదలుపెట్టి రెండు నెలల్లో వదిలేశాడు. అతన్ని తప్పుపట్టలేను. మా బావమరిది పోస్టాఫీసులో చేస్తాడు. కేంద్ర ఉద్యోగుల కోసం పెట్టిన ఐగాట్ కర్మయోగి అనే ఆన్‌లైన్ శిక్షణ వేదికలో ఫోన్‌లోనే కోర్సులు పూర్తి చేస్తాడు, తన పనికి అవి చాలంటాడు. అతని పనిలో తప్పు జరిగితే మర్నాడు దిద్దుకోవచ్చు. లైన్ మీద మనుషుల్ని ఎక్కించేవాళ్లయితే మాత్రం, వరి కోతలు అయ్యాక, సెక్షన్ కాస్త తెరిపిన పడ్డాక వెళ్లండి. సెలవు పెట్టుకోవాల్సి వస్తే మొదటి రోజు పెట్టుకోండి, రెండో రోజు మధ్యాహ్నం మాత్రం గదిలో ఉండండి.

ఆ ఆర్టిజన్ కుర్రాడిని ఇదే శిక్షణకు పంపమని నిరుడు లేఖ పెట్టాను. ఆర్టిజన్లకు ఇందులో అర్హత లేదని మౌఖికంగా చెప్పారు. రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని మళ్లీ రాశాను. అది ఇంకా రాలేదు.