దిగవద్దని చెప్పినందుకు ఇచ్చిన డబ్బు: కెయిర్న్స్ జలపాతాల ఒకరోజు యాత్ర

నల్లకుంటలో మా అపార్టుమెంటులో ఉన్నవి పద్దెనిమిది ఇళ్లు. వాటిలో నాలుగిళ్ల పిల్లలు ఆస్ట్రేలియాలో స్థిరపడ్డారు. మా అమ్మాయి, అల్లుడు బ్రిస్బేన్‌లో ఉంటారు కనుక మేమూ ఆ లెక్కలోకే వస్తాం. సంక్రాంతి తరవాత కొడుకు దగ్గరికి వెళ్లబోతున్న మూడో అంతస్తు మాస్టారు, కిందటి ఆగస్టులో మేము ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని కెయిర్న్స్ నుంచి వెళ్లివచ్చిన జలపాతాల యాత్రకు డబ్బు కట్టవచ్చా అని మొన్న అడిగారు. లిఫ్టు కోసం ఎదురుచూస్తూ చెప్పే జవాబు కాదది కాబట్టి, ఆయనకూ ఆయనలాంటి మరికొందరికీ పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను. మమ్మల్ని తీసుకెళ్లిన సంస్థ పేరు మాత్రం రాయడం లేదు.

బ్రిస్బేన్ నుంచి కెయిర్న్స్‌కు విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. మేము ముగ్గురం వెళ్లాం: నేను, మా ఆవిడ, మోకాళ్ల నొప్పులున్న మా వదినగారు. మనిషికి 190 డాలర్లు, అంటే మన డబ్బులో పదకొండు వేలకు కాస్త అటూ ఇటూగా, అల్లుడు ముందే కట్టేశాడు. అందులో వ్యాను, గైడు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టీ కలిసి ఉన్నాయి. ఉదయం ఏడున్నరకు హోటలు ముందు నిలబడమన్నారు. నిలబడ్డాం. తరవాత మరో ఆరు హోటళ్ల దగ్గర ఆగి మిగతావాళ్లను ఎక్కించుకునేసరికి గంటకు పైగా కెయిర్న్స్ వీధుల్లోనే గడిచిపోయింది. ఆ గంట ఎక్కడ కోతపడిందో తరవాత తెలిసింది.

సముద్రం పక్కనే ఉండగా ఈత కోసం ఎవరైనా కొండలెక్కుతారా అని మొదట నాకూ అనిపించింది. గైడు కుర్రాడు దారిలో చెప్పిన సంగతులతో ఆ సందేహం తీరింది. నవంబరు నుంచి మే వరకు ఆ తీరంలో బాక్స్ జెల్లీచేపలు తిరుగుతాయి. వాటి తీగలు ఒంటికి చుట్టుకుంటే ప్రాణాపాయం కనుక, ఆ నెలల్లో సముద్రంలో వలలు కట్టిన చోట తప్ప దిగకూడదట. ఇక తీరం వెంట ఉన్న నదులు, వాగులన్నీ ఉప్పునీటి మొసళ్ల రాజ్యం. పేరుకే ఉప్పునీటివి గాని, అవి మంచినీటిలోకి కూడా చాలా దూరం ఎగబాకుతాయి. 1974 నుంచి ఆ తీరం ఉన్న క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రంలో వాటిని చంపడం నిషేధం కాబట్టి, జాగ్రత్త పడవలసింది మనుషులే. అందువల్ల అక్కడివాళ్లు కొండల మీదినుంచి దిగివచ్చే చల్లని మడుగులను వెతుక్కుంటారు.

మొదటి మజిలీ కెయిర్న్స్‌కు దక్షిణంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని బబిండా. ఆస్ట్రేలియాలో అతి ఎక్కువ వానపడే ఊళ్లలో ఇదొకటి: ఏడాదికి 4000 మిల్లీమీటర్లకు పైమాటే. మన హైదరాబాదులో కురిసేది 800 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కనుక, మన ఐదేళ్ల వాన వాళ్లకు ఒక్క ఏడాదిలో పడుతుందన్నమాట. ఆగ్నేయం నుంచి వీచే సముద్రపు గాలి నేరుగా వచ్చి ఊరి వెనక నిలబడిన కొండలకు తగిలి పైకి లేస్తుంది. అందుకే వానలు తక్కువ పడే కాలమని పిలుచుకునే ఆగస్టులో కూడా మాకు అక్కడ సన్నటి తుంపర తప్పలేదు. ఊరికి కొద్ది దూరంలో ఏనుగులంత గ్రానైటు బండల మధ్య నుంచి వాగు ప్రవహిస్తుంది. బంజారాహిల్స్‌లో ఇళ్ల కోసం పగలగొట్టకుండా మిగిలిన బండలను తెచ్చి అడవిలో నీటికి అడ్డంగా పేర్చినట్టు ఉందని మా ఆవిడ అన్నది. ఆ మాటలో అతిశయోక్తి లేదు.

అక్కడ ఈతకు అనుమతి ఉన్న మడుగు ఒకటే. అది విశాలంగా, నిలకడగా, అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉంటుంది. కాలిబాట వెంట దిగువకు నడిస్తే డెవిల్స్ పూల్ అనే మరో గుండం వస్తుంది. చూడటానికి అదే ఎక్కువ అందంగా ఉంటుంది, మనుషులను మింగిందీ అదే. ఊలానా అనే యువతి ప్రేమికుణ్ణి ఎడబాసి ఆ నీటిలో దూకిందని, నాటి నుంచి ఆమె పిలుపు అక్కడ వినిపిస్తుందని ఆ నేల అసలు వారసులైన యిడింజి ప్రజలు చెప్పుకుంటారట. గైడు ఈ కథ ఒక నిమిషంలో ముగించి, అసలు కారణం మాత్రం పది నిమిషాలు వివరించాడు. నీరు బండల పైనుంచి మాత్రమే కాక వాటి కిందినుంచి కూడా పారుతుంది. పైకి మోకాటి లోతు ప్రవాహంలా కనిపించే చోట, బండల నడుమ ఉన్న సందుల్లోకి నీరు లాగేస్తూ ఉంటుంది. ఆ లాగుడులో చిక్కిన మనిషి బండ కింద ఇరుక్కుంటాడు గాని తేలడు. అతను ఒక ఎండుటాకును నీటిలో వేశాడు. ఆకు రెండు గజాలు నెమ్మదిగా సాగి, ఒక బండ అంచు దగ్గర చప్పుడు లేకుండా మాయమై, మళ్లీ ఎక్కడా పైకి రాలేదు. ఇరవై మందిమీ చాలాసేపు దిగువకే చూస్తూ నిలబడిపోయాం. కుంటాల దగ్గరా, బొగత దగ్గరా ఎన్ని హెచ్చరిక బోర్డులున్నా మన పిల్లలు లెక్కచేయరు; ఆ ఎండుటాకును చూపించేవాడు ఒకడు ఉంటే ఫలితం వేరుగా ఉంటుందేమో.

నిజం చెప్పాలంటే ఈ యాత్రలో నేను కట్టిన డబ్బుకు పూర్తి విలువ దక్కింది అక్కడా, ఆ తరవాతి మజిలీ అయిన జోసెఫిన్ జలపాతం దగ్గరా. ఇది క్వీన్స్‌ల్యాండ్‌లోకెల్లా ఎత్తయిన బార్టిల్ ఫ్రేర్ కొండ పాదం దగ్గర, వూరూనూరన్ జాతీయ వనంలో ఉంది. కొండ ఎత్తు 1600 మీటర్లకు పైనే. వ్యాను దిగాక చక్కగా వేసిన బాట మీద పదిహేను నిమిషాలు నడవాలి. మా వదినగారు కర్ర పట్టుకుని నిదానంగా రాగలిగారు. బాటకు రెండు వైపులా ఉన్న అడవి 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన దాదాపు 9 వేల చదరపు కిలోమీటర్ల ప్రాంతంలోని భాగం. ఆ బాట పక్కనే, అరచేయి కంటే వెడల్పయిన ఆకులతో, హృదయాకారంలో, ముట్టుకోబుద్ధయ్యేంత మెత్తగా కనిపించే మొక్కను గైడు దూరం నుంచి చూపించాడు. దాని పేరు గింపీ గింపీ. ఆకు నిండా కంటికి ఆనని గాజు సూదుల్లాంటి నూగు ఉంటుంది. ఒంటికి తగిలితే ఆ మంట వారాలు, ఒక్కోసారి నెలలు కూడా వేధిస్తుందట. మన దూలగొండి దాని ముందు పసిపాప.

జోసెఫిన్‌లో మూడు అంచెలుగా నీరు దిగుతుంది. పై అంచెకు వెళ్లడం నిషేధం. కింది అంచెలో నున్నటి ఏటవాలు బండ మీదుగా నీరు పలచగా జారి పెద్ద మడుగులో పడుతుంది. అది ప్రకృతి కట్టిన జారుడుబండ. యాభై ఎనిమిదేళ్ల వయసులో నేను దాని మీద నాలుగుసార్లు జారాను. మొదటిసారి కూర్చోగానే నీటి చల్లదనానికి ఊపిరి ఆగినంత పనైంది; తరవాత బండ మీది పాచి తనంతట తానే ముందుకు తోసింది; మునిగి లేచేసరికి చెవుల్లో హోరు తప్ప మరేమీ లేదు. ఎక్కేటప్పుడు మాత్రం పక్కనున్న పొడిబండ మీదుగా, చేతులూ కాళ్లూ వాడి పాకుతూ రావాలి. తడిబండ మీద నిలబడబోయిన ఒక పెద్దమనిషి మా కళ్లముందే జారి మోచెయ్యి గీరుకున్నాడు.

ఐదోసారి ఎక్కబోతుండగా గైడు ఈల వేసి అందరినీ గట్టుకు రమ్మన్నాడు. అక్కడ ఎండ కాస్తూనే ఉంది. నీటి మట్టంలో నాకైతే తేడా కనిపించలేదు. అయితే కొండ శిఖరం మబ్బులో మునిగిపోయిందని, పైన కురిసిన వాన కిందికి వచ్చేసరికి మడుగు నిమిషాల్లో పొంగుతుందని, నీటి రంగు మారేదాకా ఆగడం తెలివైన పని కాదని అతను చెప్పాడు. కొందరు సణిగారు. నేను సణగలేదు. 2014 జూన్‌లో హిమాచల్‌లో, బియాస్ నదిలో బండల మీద నిలబడిన మన నగరపు ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన ఆనకట్ట నుంచి వదిలిన నీరు వచ్చిపడి కొట్టుకుపోయిన రోజు హైదరాబాదులో ఉన్నవాడెవడూ ఆ ఈలకు సణగడు. ఆ రోజు జోసెఫిన్‌లో వరద వచ్చిందా అంటే రాలేదు. పావుగంట తరవాత కూడా మడుగు అలాగే ఉంది. అయినా ఆ ఈల వేసినందుకే ఆ కుర్రాడికి పూర్తి మార్కులు వేస్తాను.

భోజనం విషయంలో అలాంటి మెచ్చుకోలుకు తావు లేదు. శాకాహారులమని బుకింగులో రాశాం, ముందు రోజు ఫోను చేసి చెప్పాం. వాళ్లు ముగ్గురికీ ఇచ్చింది రెండు ముక్కల రొట్టె మధ్య చీజు, ఒక ఆకు, ఒక టమాటా చక్రం. అది కూడా మాంసం ఉన్న పొట్లాలతో కలిసి ఒకే పెట్టెలో వచ్చింది. మా వదినగారు దాన్ని ముట్టుకోకుండా సంచిలోంచి చపాతీలు, పల్లీల పొడి తీశారు. వ్యాను పీఠభూమి ఎక్కాక ఎర్రమట్టి పొలాలు కనిపించినప్పుడు, ఇక్కడ పల్లీలు కూడా బాగా పండుతాయని గైడు చెప్పడంతో ఆవిడ ముఖం కాస్త వికసించింది.

మిల్లా మిల్లా జలపాతం 18 మీటర్ల ఎత్తునుంచి నల్లటి బసాల్టు గోడ ముందు ఒకే వెడల్పాటి ధారగా పడుతుంది. ఫొటోలన్నిటిలో కనిపించేది ఇదే. అక్కడ ఆడపిల్లలు నడుం లోతు నీటిలో నిలబడి తడిజుట్టును వెనక్కి విసిరి ఫొటో తీయించుకోవడం ఒక ఆచారంగా మారింది. వరస కట్టి తమ వంతు కోసం వేచి ఉన్నారు కూడా. తల స్నానం చేసి జుట్టు విదిలించుకోవడానికి అంత దూరం రావాలా అని మా ఆవిడ అన్నా, తన ఫొటో మాత్రం తీయించుకున్నది. వ్యాను ఆగే చోటు నుంచే జలపాతం కనిపిస్తుంది కాబట్టి నడవలేని వారికి ఇది అనువైన మజిలీ. దీని తరవాత జిల్లీ, ఎల్లింజా జలపాతాలు కూడా ఉంటాయని కరపత్రంలో వేశారు. మేము వాటిని చూడలేదు. వేళ మించిందన్నారు, ఉదయం హోటళ్ల చుట్టూ తిరిగిన గంట ఇక్కడ కోతపడింది. చూపించనివాటికి తిరిగి ఇచ్చిందేమీ లేదు, కనీసం ఒక క్షమాపణ కూడా చెప్పలేదు.

ఈకమ్ సరస్సు దగ్గర మాకు గంటన్నర సమయం ఇచ్చారు. ఆ ఒక్క చోట మాత్రం ఎవరూ తొందరపెట్టలేదు. భూగర్భంలోని శిలాద్రవం పైకి వస్తూ నేలలోని నీటిని ఒక్కసారిగా ఆవిరిగా మార్చడంతో జరిగిన పేలుడు వల్ల ఏర్పడిన గుంట అది. ఇప్పుడు సుమారు 65 మీటర్ల లోతున నిండి ఉంది. గచ్చిబౌలిలో కొత్తగా లేచిన ఇరవై అంతస్తుల భవనం ఒకటి అందులో మునిగిపోతుంది. దానిలోకి వాగులేవీ రావు, అందులోంచి పోవు. కనుక లాగుడు ఉండదు, సుడి ఉండదు. మెట్లు, పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయి. మా వదినగారు ఆ రోజు నీటిలో దిగింది ఇక్కడే: చివరి మెట్టు మీద కూర్చుని కాళ్లు ఆడిస్తుంటే, రూపాయి కాసంత తల బయటపెట్టి ఒక తాబేలు ఆవిడనే చూస్తూ పక్కనుంచి వెళ్లిపోయింది. ఈ సరస్సు పేరు మీద ఒక ఇంద్రధనుస్సు చేప ఉంది. ఎవరో సరదాకు బయటి చేపలను తెచ్చి వదలడంతో 1980ల్లో ఆ చేప ఈ సరస్సులోనే లేకుండా పోయిందట. చుట్టుపక్కల వాగుల్లో దొరకబట్టి దాని జాతి మిగిలింది.

చివరి మజిలీ యుంగబుర్ర దగ్గరి కర్టెన్ ఫిగ్ అనే తెర మర్రి. పాతబస్తీ గోడల పగుళ్లలో రావి మొక్క మొలిచినట్టు, పక్షి వేసిన గింజ ఒక చెట్టు కొమ్మల్లో మొలిచి, వేళ్లు కిందికి దించి, ఆశ్రయమిచ్చిన చెట్టునే ఊపిరాడకుండా చేసింది. అది కూలి పక్క చెట్టు మీద ఏటవాలుగా ఒరిగింది. ఆ వాలు నుంచి వేళ్లు నిట్టనిలువుగా జారి 15 మీటర్ల తెరలా నిలిచాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూసినవారికి విస్తీర్ణంలో ఇది ఆనకపోవచ్చు. నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది.

తిరుగు ప్రయాణం గిల్లీస్ కనుమ దారి గుండా, చీకటి పడుతుండగా సాగింది. ఆ దారిలో 263 మలుపులున్నాయని గైడు ఉత్సాహంగా ప్రకటించాడు. వాంతులయ్యే వారిని ముందు సీట్లలో కూర్చోబెట్టడమనే చిన్న పని మాత్రం అతనికి తోచలేదు. చివరి వరసలో ఉన్న మా వదినగారు నూరో మలుపు దాటకుండానే సంచి అడిగారు. నేను ముందు వరస ఇప్పించమంటే, సీట్లు ఉదయం ఎక్కిన వరస ప్రకారమే అన్నాడు. మేము మొదటి హోటలులోనే ఎక్కినవాళ్లం; అప్పుడు వెనక్కి వెళ్లమన్నది అతనే.

ఇక మాస్టారికి చెప్పవలసింది. ఆయన వెళ్లేది జనవరిలో, అంటే అక్కడ వానాకాలం. జలపాతాలు మేము చూసినదాని కంటే నిండుగా ఉంటాయి, నీళ్లు కూడా అంత చల్లగా ఉండవు. కాని వరద భయంతో మడుగులు మూసివేయడమూ, దారులు మునగడమూ మామూలే. కనుక రద్దయితే డబ్బు తిరిగి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఆయన కొడుక్కి కారు ఉంది కాబట్టి, ఈకమ్, తెర మర్రి, మిల్లా మిల్లా చూడటానికి గైడు అక్కరలేదు. వాళ్లంతట వాళ్లు వెళితే ఆ రెండు మిగిలిపోయిన జలపాతాలు కూడా చూడవచ్చు. బబిండా, జోసెఫిన్ దగ్గర మాత్రం గైడు లేకుండా నీటిలో దిగవద్దని చెప్పాను. చీర, చున్నీ, వదులు పంచె కట్టుకుని ఎవరూ మడుగులో దిగకూడదు, రాయికి చిక్కుకుంటాయి. వాంతుల మాత్ర ఎక్కేటప్పుడు కాదు, దిగే దారికి అరగంట ముందు వేసుకోవాలి. రబ్బరు అడుగున్న నీటి చెప్పులు కెయిర్న్స్‌లో కొంటే మన దగ్గరి కంటే మూడు రెట్లు ధర. నావి తొమ్మిదో నంబరు, నిన్న సాయంత్రం మాస్టారు వచ్చి వేసుకుని చూశారు, కొంచెం వదులుగా ఉన్నాయి. మేజోళ్లతో సరిపోతాయని తీసుకెళ్లారు.